ఒక్కటవ్వాలంటే ముందు ఇద్దరమని ఒప్పుకోవాలి: కొరియా ఏకీకరణకు మిగిలిన దారి

సియోల్‌లో దక్షిణ కొరియా ప్రభుత్వానికి ఒక ప్రత్యేక కమిటీ ఉంది. ఉత్తర కొరియా భూభాగంలో ఉన్న ఐదు రాష్ట్రాలకు గవర్నర్లు ఆ కమిటీలో కూర్చుంటారు. వాళ్లను దేశాధ్యక్షుడే నియమిస్తాడు. తమ పేరు పక్కన ఉన్న రాష్ట్రంలో అడుగు పెట్టే అవకాశం మాత్రం వాళ్లలో ఎవరికీ లేదు. యుద్ధకాలంలో ఉత్తరం నుంచి తరలివచ్చిన కుటుంబాల బాగోగులు చూడడం, ఆ ప్రాంతాల జానపద కళలు అంతరించిపోకుండా కాపాడడం వంటి పనులు చేస్తుంటారు. ఈ ఏర్పాటుకు మూలం రాజ్యాంగంలోనే ఉంది. మూడో అధికరణం ప్రకారం దేశ భూభాగం అంటే మొత్తం కొరియా ద్వీపకల్పం, దాని చుట్టూ ఉన్న దీవులు. శాంతియుత ఏకీకరణ కోసం కృషి చేయాలని నాలుగో అధికరణం చెబుతుంది.

అటు ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్ కూడా దశాబ్దాల పాటు ఏకీకరణ మంత్రమే జపించింది. ఆ పాట ఇప్పుడు ఆగిపోయింది. 2023 డిసెంబరు చివర్లో జరిగిన పార్టీ సమావేశంలో ఉత్తర కొరియా అధినేత కిమ్ జోంగ్ ఉన్ రెండు కొరియాలవీ ఇక శత్రుదేశాల సంబంధాలేనని తేల్చేశాడు. 2024 జనవరిలో రాజ్యాంగం నుంచి శాంతియుత ఏకీకరణ ప్రస్తావన తీసేయాలన్నాడు. దక్షిణంతో వ్యవహారాలు చూసే సంస్థలు రద్దయ్యాయి. ఇద్దరు స్త్రీలు కలిసి అఖండ కొరియా పటాన్ని పట్టుకుని నిలబడినట్టు కట్టిన ప్యాంగ్యాంగ్‌లోని ఏకీకరణ తోరణాన్ని కూల్చేశారు. అదే ఏడాది అక్టోబరు 15న సరిహద్దు దగ్గర ఇరు దేశాలనూ కలిపే రోడ్లను పేల్చేశారు. 2025 సెప్టెంబరులో కిమ్ మళ్లీ అదే చెప్పాడు: ఏకీకరణ జరగదు, దక్షిణంతో కూర్చుని మాట్లాడేదీ లేదు.

దీంతో ఎనభై ఏళ్ల కల ముగిసిపోయిందని చాలామంది రాసేశారు. అంత తొందరగా తీర్పు చెప్పలేం. ఇలాంటి ఘట్టం చరిత్రలో ఒకసారి జరిగింది, దాని ముగింపు కూడా ప్రపంచం చూసింది. ఆ సంగతికి వచ్చేముందు, అసలు ఈ విభజన ఎంత యాదృచ్ఛికంగా జరిగిందో, ఎంత లోతుగా పాతుకుపోయిందో చూడాలి.

1945 ఆగస్టు 10 అర్ధరాత్రి వాషింగ్టన్‌లో డీన్ రస్క్, చార్లెస్ బోన్‌స్టీల్ అనే ఇద్దరు అమెరికా సైనికాధికారులకు ఒక పని అప్పగించారు. లొంగిపోతున్న జపాన్ సేనలను ఏ ప్రాంతంలో సోవియట్లు, ఏ ప్రాంతంలో అమెరికన్లు స్వాధీనం చేసుకోవాలో గీత గీయాలి. చేతిలో ఉన్నది ఒక పత్రిక ప్రచురించిన సాధారణ పటం. ఇచ్చిన సమయం సుమారు అరగంట. సియోల్ తమవైపు ఉండేలా వాళ్లు 38వ అక్షాంశాన్ని ఎంచుకున్నారు, సోవియట్లు ఒప్పుకున్నారు. కొరియన్లను ఎవరూ అడగలేదు. వెయ్యేళ్లకు పైగా ఒకే రాజ్యంగా బతికిన జాతి అది. తాత్కాలికమనుకున్న గీత 1948 నాటికి రెండు ప్రభుత్వాల సరిహద్దయింది. 1950 జూన్ 25న ఉత్తరం దండెత్తడంతో మొదలైన యుద్ధం మూడేళ్లు సాగి, ఇరవై లక్షలకు పైగా ప్రాణాలు తీసి, దాదాపు మొదలైన చోటే ఆగింది. 1953 జూలై 27న కుదిరింది కాల్పుల విరమణ మాత్రమే. శాంతి ఒప్పందం ఇప్పటికీ లేదు. దేశాన్ని ఏకం చేయకుండా యుద్ధం ఆపడానికి ఇష్టపడని దక్షిణ అధ్యక్షుడు సింగ్‌మన్ రీ ఆ పత్రం మీద సంతకానికి ఒప్పుకోలేదు.

ఆ ముగింపులో భారత్ పాత్ర కూడా ఉంది. సొంత ప్రాంతానికి తిరిగి వెళ్లడానికి ఇష్టపడని 22 వేలకు పైగా యుద్ధఖైదీల సమస్య చర్చలను నెలల తరబడి నిలిపేసింది. వాళ్ల సంగతి చూసేందుకు ఏర్పడిన తటస్థ దేశాల కమిషన్‌కు జనరల్ తిమ్మయ్య అధ్యక్షుడు. ఉత్తరం వద్దు, దక్షిణమూ వద్దు, ఏదైనా తటస్థ దేశానికి పంపండి అని అడిగిన 88 మంది చివరికి 1954లో భారత సైనికులతో పాటే ఓడెక్కి మన దేశానికి వచ్చారు. కొరియా విభజన మనుషులను ఏ స్థితికి తెచ్చిందో ఈ చిన్న గుంపు చెబుతుంది.

ఈ నేపథ్యం ముఖ్యం. ఎందుకంటే కొరియా గురించి మాట్లాడినప్పుడల్లా జర్మనీ ఉదాహరణ వస్తుంది, ఆ పోలికలో మొదట విరిగేది ఇక్కడే. తూర్పు, పశ్చిమ జర్మనీలు ఒకదాని మీద ఒకటి ఎన్నడూ తుపాకీ పేల్చలేదు. కొరియన్లు మాత్రం ఒకరినొకరు చంపుకున్నారు. ఊళ్లు చేతులు మారిన ప్రతిసారీ అవతలి పక్షానికి సాయం చేశారన్న అనుమానంతో సొంత ఊరివాళ్లనే కాల్చేశారు. ఆ గాయం ఇరువైపులా పాఠ్యపుస్తకాల్లో, కుటుంబాల్లో ఇంకా ఉంది.

ఇప్పుడు 2024 నాటి ప్యాంగ్యాంగ్ నిర్ణయానికి వద్దాం. కిమ్ అసలెందుకు ఈ తలుపు మూశాడు? సైనిక కారణాలు కొన్ని ఉన్నాయి. దక్షిణాన్ని పరాయి దేశమంటే, అణ్వాయుధం ఎక్కుపెట్టడానికి సొంత జాతి మీద అనే అడ్డు తొలగుతుంది. రష్యాతో కొత్త స్నేహం ధైర్యాన్నిచ్చింది. 2019 ఫిబ్రవరిలో హనోయ్‌లో ట్రంప్‌తో చర్చలు బెడిసికొట్టాక సియోల్ మధ్యవర్తిత్వం మీద నమ్మకం పోయింది. కానీ అసలు కారణం లోపలి భయమే అనడానికి ఆధారాలు ఉత్తర కొరియా చట్టాల్లోనే దొరుకుతాయి. దక్షిణ కొరియా సినిమాలు, సీరియళ్లు చూసినా పంచినా కఠిన శిక్షలు వేసే చట్టం 2020 డిసెంబరులో వచ్చింది. దక్షిణాది యాసలో మాట్లాడితే శిక్షించే చట్టం 2023లో వచ్చింది. చైనా సరిహద్దు మీదుగా పెన్‌డ్రైవుల్లో, మెమరీ కార్డుల్లో చేరే సీరియళ్లు చూసి యువత మాటతీరు మారుతోందని పాలకులకు తెలుసు. పక్కనే, అదే భాష మాట్లాడే సోదర దేశం అంత సంపన్నంగా ఉంటే ప్రజల మనసులో పుట్టే ప్రశ్నకు జవాబు లేదు. సోదర దేశమనే మాటనే తుడిచేస్తే ఆ ప్రశ్న పుట్టదని ఆశ.

తూర్పు జర్మనీ సరిగ్గా ఈ పనే చేసింది. 1968 రాజ్యాంగంలో తనను తాను ‘జర్మన్ జాతి సోషలిస్టు రాజ్యం’ అని చెప్పుకున్న ఆ దేశం, 1974లో ‘జర్మన్ జాతి’ ప్రస్తావనను చెరిపేసింది. జాతీయ గీతంలో ‘ఏకమైన మాతృభూమి జర్మనీ’ అనే అర్థం వచ్చే పాదం ఉందన్న ఇబ్బందితో పాడడం మానేసి, బాణీ మాత్రమే వాయించేవారు. పదిహేనేళ్ల తర్వాత తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్ వీధుల్లో జనం నినాదంగా ఎత్తుకున్నది ఆ పాదాన్నే. రాజ్యాంగంలో మాటలు కొట్టేసినంత మాత్రాన జాతి రెండుగా చీలదని కొరియా గురించి కూడా నమ్మడానికి ఇదొక గట్టి కారణం.

అయితే ఆ పదిహేనేళ్లలో పశ్చిమ జర్మనీ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. విల్లీ బ్రాంట్ ప్రభుత్వం 1972లో తూర్పుతో మౌలిక ఒప్పందం చేసుకుంది. తూర్పు జర్మనీ అనే రాజ్యం ఉందని ఒప్పుకుంది. పరాయి దేశమని మాత్రం ఒప్పుకోలేదు. అందుకే రాయబార కార్యాలయాలకు బదులు ‘శాశ్వత ప్రాతినిధ్య కార్యాలయాలు’ తెరిచారు. పౌరసత్వం ఒక్కటే, తూర్పు నుంచి ఎవరొచ్చినా జర్మన్ పౌరుడే అన్న సూత్రాన్ని వదల్లేదు. ఇరు దేశాలూ 1973లో ఐక్యరాజ్యసమితిలో చేరాయి. తర్వాత పార్టీలు మారినా విధానం మారలేదు. డబ్బిచ్చి రాజకీయ ఖైదీలను విడిపించుకున్నారు, అలా వచ్చినవాళ్లు 33 వేలకు పైమాటే. 1983లో కన్జర్వేటివ్ నాయకుడు స్ట్రాస్ తూర్పుకు వంద కోట్ల మార్కుల రుణం కుదిర్చాడు. సరిహద్దు కంచె మీద వాటంతటవే పేలే తుపాకులను తూర్పు తర్వాత తొలగించింది. ఉత్తరాలు, పార్సిళ్లు, ఫోన్లు, బంధువుల రాకపోకలు ఏటేటా పెరిగాయి. డ్రెస్డెన్ వంటి కొన్ని ప్రాంతాలు తప్ప మిగతా తూర్పంతా సాయంత్రాలు పశ్చిమ టీవీ చూసేది. 1989లో బెర్లిన్ గోడ కూలినప్పుడు అవతలివాళ్లు ఎలా బతుకుతున్నారో తూర్పు ప్రజలకు ముందే తెలుసు.

కొరియాలో ఈ వరుస తలకిందులైంది. నాయకులు కరచాలనాలు చేసుకున్నారు, ఉమ్మడి ప్రకటనలు ఇచ్చారు, మామూలు మనిషి మాత్రం ఒక పోస్టుకార్డు కూడా పంపలేకపోయాడు. 1972 జూలై 4 ప్రకటన, 1991 మౌలిక ఒప్పందం, 2000 జూన్‌లో దక్షిణ అధ్యక్షుడు కిమ్ డే జంగ్, ఉత్తర అధినేత కిమ్ జోంగ్ ఇల్ శిఖరాగ్ర సమావేశం, 2007లో మరొకటి, 2018 ఏప్రిల్ 27న పన్మున్‌జోమ్‌లో దక్షిణ అధ్యక్షుడు మూన్ జే ఇన్, కిమ్ జోంగ్ ఉన్ చేయి చేయి పట్టుకుని సరిహద్దు గీత దాటడం. ప్రతి ఒక్కటీ నిజమైన ఆశ కలిగించింది. ఉత్తరం తన గడియారాలను అరగంట ముందుకు జరిపి దక్షిణ సమయంతో కలిపింది కూడా 2018లోనే. రెండేళ్ల తర్వాత, 2020 జూన్ 16న, కేసాంగ్‌లోని ఉమ్మడి సంప్రదింపుల కార్యాలయాన్ని బాంబులతో పేల్చేసింది.

జనం స్థాయిలో నిజంగా నడిచిన ప్రయోగం ఒక్కటే, అదే కేసాంగ్ పారిశ్రామికవాడ. సరిహద్దుకు ఉత్తరాన ఉత్తర కొరియా భూమి, కార్మికులు. దక్షిణ పెట్టుబడి, యంత్రాలు, కరెంటు. 2004 చివర్లో ఉత్పత్తి మొదలైంది. మూసేనాటికి 120కి పైగా దక్షిణాది కంపెనీలు, దాదాపు 54 వేల మంది ఉత్తరాది కార్మికులు, వాళ్లలో ఎక్కువమంది మహిళలు. బట్టలు, బూట్లు, వంటపాత్రలు, వాచీలు, యంత్రాల విడిభాగాలు తయారయ్యేవి. జీతాలు డాలర్లలో ప్యాంగ్యాంగ్ ప్రభుత్వానికి వెళ్లేవి, కార్మికుల చేతికి అందేది అందులో కొంతే. చేతికి నేరుగా నగదు ఇవ్వకూడదు కాబట్టి దక్షిణాది మేనేజర్లు చాకోపై అనే చాక్లెట్ కేకు బిస్కెట్లను అదనపు పనికి బహుమతిగా ఇచ్చేవారు. వాటిని అక్కడే తినకుండా దాచుకుని ఇంటికి తీసుకెళ్లేవారు. కొన్ని మార్కెట్లో అమ్ముడుపోయి ఉత్తరాన దూరదూరపు ఊళ్లకు చేరాయి. 2014లో ఉత్తర అధికారులు అవి ఇవ్వొద్దని అడ్డు చెప్పే దాకా వెళ్లింది. ఒకే షెడ్డులో పదేళ్లు పక్కపక్కన పనిచేసిన మనుషులు ఒకరి గురించి ఒకరు నేర్చుకున్నది ఏ శిఖరాగ్ర సమావేశంలోనూ దొరకదు. ఉత్తరం అణుపరీక్ష, రాకెట్ ప్రయోగం తర్వాత 2016 ఫిబ్రవరిలో పార్క్ గున్ హే ప్రభుత్వం దాన్ని మూసేసింది. జీతాల డబ్బు ఆయుధాలకు పోతోందన్న వాదనను కొట్టిపారేయలేం. అయినా ఉన్న ఒకే ఒక్క కిటికీని మూసింది దక్షిణమే అన్నది కూడా నిజం.

ఇక ఖర్చు సంగతి. దక్షిణ కొరియా యువతకు ఏకీకరణ అనగానే గుర్తొచ్చేది జర్మనీ బిల్లు. 1990 జూలై 1న ద్రవ్య ఏకీకరణ జరిగినప్పుడు తూర్పు మార్కును జీతాలకు ఒకటికి ఒకటి చొప్పున పశ్చిమ మార్కుగా మార్చారు. రాజకీయంగా వేరే దారి లేదు, లేకపోతే జనమంతా పశ్చిమానికి తరలిపోయేవారు. కానీ తూర్పు ఫ్యాక్టరీల ఖర్చులు ఒక్క రాత్రిలో ఆకాశానికి ఎక్కాయి, వాటి సరుకు కొనేవాళ్లు లేరు. ప్రభుత్వ సంస్థలను అమ్మేందుకు పెట్టిన ట్రాయ్‌హాండ్ చేతికి వేలాది కంపెనీలు, దాదాపు 40 లక్షల ఉద్యోగాలు వచ్చాయి. నాలుగేళ్లలో అది తన పని ముగించేసరికి ఆ ఉద్యోగాల్లో ఎక్కువ భాగం లేకుండా పోయాయి. పశ్చిమం నుంచి తూర్పుకు వెళ్లిన నిధులను కొందరు రెండు లక్షల కోట్ల యూరోల దాకా లెక్కగట్టారు. 1991లో తాత్కాలికమంటూ పెట్టిన సంఘీభావ పన్ను నుంచి ఎక్కువమందికి ఊరట దొరికింది 2021లో. పింఛను లెక్కలో తూర్పు, పశ్చిమం సమానమైంది 2023 జూలైలో, అంటే 33 ఏళ్లకు.

అది అంత సంపన్న దేశం సంగతి. పైగా జర్మనీ లెక్క కొరియా కంటే చాలా తేలిక. అక్కడ సుమారు నలుగురు పశ్చిమ జర్మన్లు ఒక తూర్పు జర్మన్ భారం మోశారు. దక్షిణ కొరియా జనాభా 5 కోట్ల 20 లక్షల లోపు, ఉత్తరానిది సుమారు 2 కోట్ల 60 లక్షలు. అంటే ఇద్దరు ఒకరిని మోయాలి. తూర్పు జర్మన్ల ఆదాయం పశ్చిమంలో మూడో వంతో, సగమో ఉండేది. ఉత్తర కొరియన్ల తలసరి ఆదాయం దక్షిణంలో ముప్ఫయ్యో వంతని దక్షిణ కొరియా కేంద్ర బ్యాంకు అంచనా. ఇలాంటి చోట ఒకటికి ఒకటి చొప్పున కరెన్సీ మార్చడం ఊహకు కూడా అందదు. మార్చకపోతే సరిహద్దు తెరిచిన మర్నాడు లక్షలమంది సియోల్ బాట పడతారు. అప్పుడు ఒకే దేశ పౌరులను వాళ్ల దేశంలోనే తిరగకుండా కొన్నేళ్లు ఆపాలా? పర్మిట్లు పెట్టాలా? ఓటు హక్కు వెంటనే ఇవ్వాలా? ఏకీకరణ ప్రణాళికలు ఎన్ని ఉన్నా, అన్నీ వచ్చి ఆగేది ఈ ప్రశ్న దగ్గరే.

భూమి తగాదా మరొకటి. 1946లో ఉత్తరాన భూస్వాముల భూములను పరిహారం లేకుండా లాక్కుని రైతులకు పంచారు. ఆ భూస్వాముల్లో చాలామంది దక్షిణానికి వచ్చేశారు. వాళ్ల మనవలు ఇప్పుడు సియోల్‌లో ఉన్నారు. జర్మనీలో పాత యజమానులకు ఆస్తి తిరిగివ్వడమే ముందు, పరిహారం తర్వాత అనే సూత్రం పెట్టుకున్నారు. ఇరవై లక్షలకు పైగా క్లెయిములు వచ్చాయి, ఏళ్ల తరబడి ఏ ఇల్లు ఎవరిదో తేలక పెట్టుబడులు ఆగిపోయాయి, నలభై ఏళ్లుగా ఉంటున్న ఇంట్లోంచి ఎప్పుడు పొమ్మంటారో అని తూర్పు కుటుంబాలు టెన్షన్ పడ్డాయి. కొరియాలో ఈ తప్పు చేయకూడదు. పాత యజమాని వారసుడికి డబ్బు రూపంలో ఎంతో కొంత ఇచ్చి, భూమి దున్నుతున్నవాడికీ ఇల్లు కాపురమున్నవాడికీ వదిలేస్తామని దక్షిణం ఇప్పుడే చట్టంలో రాసి పెట్టుకుంటే మంచిది. ఇప్పుడు రాస్తే ఎవరి జేబూ ఖాళీ కాదు. ఏకీకరణ అంటే దక్షిణాది వాళ్లొచ్చి మన ఇళ్లు లాక్కుంటారనే ప్రచారానికి ఉత్తరంలో అడ్డుకట్ట పడుతుంది.

ఏకీకరణ జరిగితే మనుషుల మధ్య ఏమవుతుందో తెలుసుకోవడానికి ఊహలు అక్కర్లేదు, దక్షిణానికి ఇప్పటివరకు పారిపోయి వచ్చిన సుమారు 34 వేల మందిని చూస్తే చాలు. 2009లో ఒక్క ఏడాదే 2,900 మందికి పైగా వచ్చారు. కొవిడ్ కాలంలో సరిహద్దు బిగిశాక 2021లో వచ్చింది 63 మంది. వచ్చినవాళ్లను ముందు విచారించి, తర్వాత హనావోన్ అనే శిక్షణ కేంద్రంలో సుమారు మూడు నెలలు ఉంచుతారు. బ్యాంకు ఖాతా, ఏటీఎం, మెట్రో టికెట్, ఉద్యోగ ఇంటర్వ్యూ, అన్నీ నేర్పిస్తారు. పౌరసత్వం ఇస్తారు, ఇంటికి సాయం చేస్తారు. ఆ తర్వాత జీవితం మొదలవుతుంది. యాస వినగానే అవతలివాళ్ల ముఖం మారుతుంది. ఉత్తరంలో డాక్టరుగా, టీచరుగా చేసినవాళ్లకు ఇక్కడ ఆ చదువు పనికొచ్చేలా చేసుకోవడానికి ఏళ్లు పడుతుంది. 2019 జూలైలో సియోల్‌లోని ఒక అద్దె ఫ్లాట్‌లో ఉత్తరం నుంచి వచ్చిన ఒక తల్లి, ఆమె చిన్న కొడుకు శవాలుగా దొరికారు. చనిపోయి అప్పటికే రెండు నెలలైందని అంచనా. ఇంట్లో తినడానికి ఏమీ లేదు. ప్రపంచంలోని సంపన్న నగరాల్లో ఒకటైన చోట, అదే దేశ పౌరురాలికి ఇలా జరగడం దక్షిణ కొరియాను కుదిపేసింది. 34 వేల మందినే పూర్తిగా తమలో కలుపుకోలేని సమాజం రెండున్నర కోట్ల మందిని కలుపుకోగలదా? ఈ ప్రశ్నకు జవాబు ఇవ్వాల్సింది ప్యాంగ్యాంగ్ కాదు.

దక్షిణంలో ఇష్టం కూడా కరిగిపోతోంది. సియోల్ నేషనల్ యూనివర్సిటీ 2007 నుంచి ఏటా చేస్తున్న సర్వేలో మొదట్లో ఏకీకరణ అవసరమన్నవాళ్లు 60 శాతం దాటారు. 2024 నాటికి అది 40 శాతం లోపుకు పడిపోయింది. ఇరవైల్లో ఉన్నవాళ్లలో దాదాపు సగం మంది అవసరం లేదనే అంటున్నారు. 2018లో దక్షిణ కొరియాలోని ప్యాంగ్‌చాంగ్‌లో జరిగిన శీతాకాల ఒలింపిక్స్‌లో ఇది బయటపడింది. మహిళల ఐస్‌హాకీలో ఉమ్మడి జట్టు కోసం చివరి వారాల్లో 12 మంది ఉత్తర క్రీడాకారిణులను చేర్చారు. పాత తరం కళ్లు చెమర్చాయి. యువతకు మాత్రం ఏళ్ల తరబడి కష్టపడిన దక్షిణాది అమ్మాయిలకు మైదానంలో దక్కాల్సిన సమయం తగ్గిపోవడమే కనిపించింది. మూన్ జే ఇన్ ప్రజాదరణ ఆ వారాల్లో తగ్గింది. యువతను స్వార్థపరులని తిట్టడం తేలిక. ఇళ్ల ధరలు అందనంత ఎత్తులో ఉండి, ఉద్యోగానికి పోటీ గొంతు నొక్కుతూ, 2023లో సంతానోత్పత్తి రేటు 0.72కు పడిపోయిన దేశంలో, తాతల కాలం నాటి బంధుత్వం కోసం ఇంకో బరువు ఎత్తుకోమంటే వాళ్లు ఎందుకని అడగడం సహజం.

ఈ మార్పుకు అద్దం పట్టే మనిషి ఇమ్ జోంగ్ సోక్. 1989లో విద్యార్థి సంఘం నాయకుడిగా, ప్రభుత్వ నిషేధాన్ని కాదని ఒక విద్యార్థినిని ప్యాంగ్యాంగ్ యువజనోత్సవానికి పంపి జైలుకెళ్లిన వ్యక్తి. తర్వాత మూన్ జే ఇన్‌కు ముఖ్య కార్యదర్శిగా 2018 చర్చలు నడిపించిన వాళ్లలో ఒకడు. జీవితమంతా ఏకీకరణ కోసం పోరాడిన ఆయనే 2024 సెప్టెంబరులో ‘ఏకీకరణ మాట పక్కన పెడదాం, రెండు దేశాలుగా ప్రశాంతంగా బతుకుదాం’ అనే అర్థం వచ్చేలా మాట్లాడి దుమారం రేపాడు. కిమ్ పాట పాడుతున్నాడని ప్రత్యర్థులు మండిపడ్డారు, సొంత పక్షంలోనూ చాలామంది నొచ్చుకున్నారు. రాజ్యాంగం మూడో అధికరణాన్నే మార్చాలన్నంత దూరం ఆయన వెళ్లాడు. సరిగ్గా అక్కడే ఆయనతో విభేదించాలి.

ఆ అధికరణం కాగితం మీది గొప్ప కోసం కాదు. చైనాలోకి దాటి దాక్కున్న ఉత్తర కొరియా మహిళ ఏ దక్షిణ కొరియా రాయబార కార్యాలయం గడప తొక్కినా శరణార్థిగా వీసా అడుక్కోనక్కర్లేదు. చట్ట ప్రకారం ఆమె ఇప్పటికే పౌరురాలు. దాన్ని తీసేస్తే ఆ హక్కుకు ఆధారం పోతుంది. రేపు ఉత్తరంలో పాలన కుప్పకూలితే, సుమారు 1,400 కిలోమీటర్ల సరిహద్దు ఉన్న చైనా సేనలు లోపలికొస్తే, ‘ఇది మా జాతి ఇంటి విషయం’ అని చెప్పే అధికారం కూడా సియోల్ పోగొట్టుకుంటుంది. పశ్చిమ జర్మనీ చూపిన నేర్పు ఇక్కడే పనికొస్తుంది. అవతల ఒక రాజ్యం ఉందని ఒప్పుకోవాలి, దాన్ని మింగేయబోమని మాటివ్వాలి, పౌరసత్వం ఒక్కటే అన్న గీతను మాత్రం వదలకూడదు. కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. తమ మధ్య ఉన్నది రెండు పరాయి దేశాల సంబంధం కాదని, ఏకీకరణ దిశగా సాగే ప్రత్యేక తాత్కాలిక సంబంధమని 1991 మౌలిక ఒప్పందంలో ఇరు కొరియాలూ రాసుకున్నాయి. ఆ ఏడాదే రెండూ వేర్వేరు సభ్యులుగా ఐక్యరాజ్యసమితిలో చేరాయి. 2025 జూన్‌లో అధికారంలోకి వచ్చిన దక్షిణ అధ్యక్షుడు లీ జే మ్యుంగ్, ఉత్తరం వైపు ప్రచారం వినిపించే సరిహద్దు లౌడ్‌స్పీకర్లు ఆపించాడు, ఆగస్టు 15 ప్రసంగంలో ఉత్తర వ్యవస్థను గౌరవిస్తామని, విలీనం చేసుకునే ఉద్దేశం లేదని చెప్పాడు. దిశ సరైనదే. ప్యాంగ్యాంగ్ ఎగతాళి చేసినా పట్టించుకోకుండా, ప్రభుత్వాలు మారినా వదలకుండా పట్టుకోవాలి. సియోల్‌లో ఐదేళ్లకోసారి విధానం తిరగబడడమే ఇంతకాలం పెద్ద బలహీనత.

ఈ మాటకు ఒక బలమైన అభ్యంతరం ఉంది: ఉత్తరానికి ఉన్నవి అణ్వాయుధాలు. 2006 నుంచి 2017 వరకు ఆరు పరీక్షలు చేసింది, 2022లో అణ్వాయుధ విధానాన్ని చట్టం చేసింది. చేతిలో బాంబు ఉన్న పాలకుడికి కలిసిపోవాల్సిన అవసరమేముంది? ఆ ప్రశ్న న్యాయమైనదే. దగ్గర భవిష్యత్తులో ఏకీకరణ జరగదని ఒప్పుకోవడమే దానికి నిజాయితీ గల జవాబు. బయటి శక్తులకు కూడా తొందర లేదు. దక్షిణంలో 28,500 మంది అమెరికా సైనికులున్నారు, వాళ్లు తన గడప దాకా రావడం చైనాకు ఇష్టం లేదు. 2024 జూన్‌లో ఉత్తరంతో వ్యూహాత్మక ఒప్పందం చేసుకుని, ఆ దేశ సైనికులను యుక్రెయిన్ యుద్ధంలో వాడుకున్న రష్యాకు ఆ పాలన నిలబడడమే లాభం. జర్మనీకి 1990 సెప్టెంబరు 12న మాస్కోలో కుదిరిన ఒప్పందం ద్వారా నాలుగు అగ్రరాజ్యాలు దారిచ్చాయి. బదులుగా సైన్యాన్ని 3,70,000కు పరిమితం చేస్తానని, పోలండ్ సరిహద్దును మార్చమని అడగనని జర్మనీ మాటిచ్చింది. గోర్బచేవ్ లాంటి నాయకుడు మాస్కోలో ఉన్న అరుదైన క్షణం అది. అలాంటి క్షణం కొరియాకు వచ్చినప్పుడు, ఏకమైన దేశంలో అమెరికా సేనలు ఎక్కడ ఉంటాయి, అణ్వాయుధాలు ఎవరి చేతికి వెళ్తాయి అన్న వాటికి సియోల్ దగ్గర సిద్ధంగా జవాబులుండాలి.

సిద్ధం కాకుండా కలిస్తే ఏమవుతుందో యెమెన్ చూపించింది. 1990 మే 22న ఉత్తర, దక్షిణ యెమెన్‌లు ఒక్కటయ్యాయి. నాయకులు పదవులు పంచుకున్నారు, సైన్యాలను మాత్రం కలపలేదు. నాలుగేళ్లకే అంతర్యుద్ధం వచ్చింది, 1994 జూలైలో ఉత్తర సేనలు ఏడెన్‌ను పట్టుకున్నాయి. దక్షిణాదివాళ్లలో ఆ చేదు ఈ రోజుకీ పోలేదు. సైప్రస్‌ది మరో పాఠం. 2004 ఏప్రిల్‌లో ఏకీకరణ ప్రణాళిక మీద రెండువైపులా ఓటింగ్ పెడితే టర్కిష్ సైప్రియాట్లు 65 శాతం అవునన్నారు, గ్రీకు సైప్రియాట్లు 76 శాతం వద్దన్నారు. వద్దన్న పక్షమే వారం తర్వాత యూరోపియన్ యూనియన్‌లో చేరింది. కలిసినా కలవకపోయినా తమకు నష్టం లేదనుకునే పక్షం కలవడానికి ఎందుకు ఇబ్బంది పడుతుంది? దక్షిణ కొరియా ఇప్పుడు సరిగ్గా ఆ స్థితికి జారుకుంటోంది.

కాబట్టి మిగిలింది చిన్న పనులు, వాటిలో అన్నిటికంటే అత్యవసరమైనది విడిపోయిన కుటుంబాలది. తమ వాళ్లను కలవాలని దక్షిణంలో పేరు నమోదు చేసుకున్నవాళ్లు 1,30,000 మందికి పైగా. వాళ్లలో ఇంకా బతికున్నవాళ్లు 40 వేల లోపే, వాళ్లలోనూ దాదాపు మూడింట రెండొంతుల మందికి ఎనభై దాటాయి. 2000 నుంచి 2018 ఆగస్టు వరకు ముఖాముఖి కలయికలు 21 సార్లు మాత్రమే జరిగాయి. చివరిసారి కుమ్‌గాంగ్ పర్వతం దగ్గర, యుద్ధంలో చేయి జారిపోయిన నాలుగేళ్ల కొడుకును 92 ఏళ్ల తల్లి మళ్లీ చూసింది. అతనికి అప్పటికి 71 ఏళ్లు. మూడు రోజుల్లో వాళ్లకు ఇచ్చిన మొత్తం సమయం పన్నెండు గంటలు కూడా దాటలేదు. ఆ తర్వాత ఉత్తరాల్లేవు, ఫోన్లు లేవు. ఆ కలయికల కోసం దక్షిణం కట్టించిన భవనాన్ని ఉత్తరం కూల్చేస్తోందని 2025 ఫిబ్రవరిలో సియోల్ ప్రకటించింది.

వాళ్ల కోసం శాంతి ఒప్పందం దాకా ఆగక్కర్లేదు, రాజ్యాంగ సవరణలూ అక్కర్లేదు. ఎవరు బతికున్నారో ఎవరు పోయారో తెలిపే జాబితా, ఏడాదికి ఒక ఉత్తరం, ఒక వీడియో కాల్ చాలు. ప్యాంగ్యాంగ్ ఇప్పుడు సియోల్‌తో మాట్లాడనంటోంది గానీ వాషింగ్టన్‌తో తలుపు పూర్తిగా మూయలేదు. అమెరికాలోనూ ఇలాంటి కొరియన్ కుటుంబాలు ఉన్నాయి. ఆ చర్చలు మళ్లీ మొదలైన రోజున అణ్వాయుధాలు, ఆంక్షలతో పాటు ఈ జాబితా కూడా మొదటి పేజీలోనే ఉండేలా సియోల్ ఇప్పటి నుంచే పట్టుబట్టాలి. దానికి బదులుగా ఉత్తరం మందులో, బియ్యమో, ఎరువులో అడిగితే ఇవ్వాలి. ఖైదీలను విడిపించుకోవడానికి పశ్చిమ జర్మనీ డబ్బు లెక్కపెట్టి మరీ ఇచ్చింది, దాన్ని ఎవరూ లొంగుబాటు అనలేదు.